ఫీజుకో దాత, బహుమతికో దాత... మరి బస్సు చార్జీలకు?

క్లుప్తంగా: జర్నలిజం విద్యార్థికి సాయం స్కాలర్‌షిప్‌గానో, ఫెలోషిప్‌గానో, పోటీ బహుమతిగానో అందుతుంది. అన్నీ డబ్బే అయినా ఒకటి చేసే పని ఇంకోటి చేయదు. చెన్నైలో చదివే తెలుగు విద్యార్థికి ఫీజు దగ్గర రాష్ట్ర సరిహద్దు అడ్డొస్తుంది, పోటీల దగ్గర భాష అడ్డొస్తుంది. వార్త కోసం తిరిగే ఖర్చు మాత్రం ఎవరి పద్దులోనూ ఉండదు. ఇచ్చేవాళ్లకు ఏది సులువో, దేనికి పేరొస్తుందో గమనిస్తే ఈ ఖాళీ ఎందుకు మిగిలిందో తెలుస్తుంది.

ముందు, మధ్యలో, తర్వాత

అడ్మిషన్ల సీజన్‌లో జర్నలిజం విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు తెగ తిరుగుతుంటాయి. ఒకదాని మీద స్కాలర్‌షిప్ అని, ఇంకోదాని మీద ఫెలోషిప్ అని, మరోదాని మీద వ్యాసరచన పోటీ అని ఉంటుంది. డబ్బు అంకె పెద్దక్షరాల్లో, ఆఖరు తేదీ ఎర్ర రంగులో. చూసేవాళ్లకు అన్నీ ఒకే బాపతుగా కనిపిస్తాయి. ఇంట్లో వాళ్లయితే మరీను, "ఏదో ఒకటి రాకపోదు, అన్నింటికీ పెట్టెయ్" అంటారు.

తేడా తెలియాలంటే డబ్బు చేతికి ఎప్పుడొస్తుందో చూడాలి. స్కాలర్‌షిప్ పని మొదలవకముందు వస్తుంది. మార్కులు, కుటుంబ ఆదాయం, సామాజిక వర్గం చూసి ఇస్తారు. విద్యార్థి ఏం రాశాడన్నది అక్కడ పెద్దగా లెక్కలోకి రాదు, ఎందుకంటే అప్పటికి రాసిందేమీ ఉండదు. ఫెలోషిప్ పని నడుస్తుండగా వస్తుంది. అది కొనిచ్చేది సమయం: ఫలానా విషయం మీద ఆరు నెలలో ఏడాదో పనిచెయ్, ఈలోగా అద్దె సంగతి మేం చూసుకుంటాం అన్నట్టు. బహుమతి పని అయిపోయాక వస్తుంది. అంటే ఖర్చు ముందు పెట్టుకోవాలి, తిరిగొస్తుందో రాదో తర్వాత తేలుతుంది. ముందు పెట్టుకోగలిగినవాళ్లే ఆ పోటీలో గట్టిగా నిలబడతారు.

ఫెలోషిప్ ఏం చేయగలదో చూపించడానికి మన దేశంలో ఎక్కువమంది చెప్పే పేరు పి.సాయినాథ్. మద్రాసులో పుట్టిన ఈ జర్నలిస్టు, మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి మనవడు. 1993లో టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్ తీసుకుని దేశంలోని అతి పేద జిల్లాల్లో నెలల తరబడి తిరిగారు. ఆ కథనాలు 1996లో పుస్తకంగా వచ్చాయి, గ్రామీణ రిపోర్టింగ్ గురించి దేశం మాట్లాడుకునే తీరే మారింది. ఈ ఉదాహరణ చెప్పేటప్పుడు ఒక్క సంగతి తరచూ వదిలేస్తుంటారు. ఆయన ఉద్యోగంలో చేరింది 1980లో. ఫెలోషిప్ నాటికి పదేళ్లకు పైబడిన అనుభవం ఉంది. ఫెలోషిప్‌లు ఎక్కువగా అలాంటివాళ్లనే వెతుక్కుంటాయి. దరఖాస్తులో బైలైన్లు (సొంత పేరుతో అచ్చయిన కథనాలు), ఎడిటర్ ఉత్తరం, ప్రచురిస్తామని ఏదైనా పత్రిక ఇచ్చిన హామీ అడుగుతాయి. రెండో ఏడాది డిగ్రీ విద్యార్థి దగ్గర ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు.

అందుచేత విద్యార్థి దశలో ఆచరణలో మిగిలేవి రెండే: లోపలికి వచ్చేటప్పుడు స్కాలర్‌షిప్, బయటికి వెళ్లేటప్పుడు బహుమతి. నేర్చుకోవడం జరిగే నడుమ కాలానికి డబ్బు లేదు.

ఒకే బెంచీ మీద ఇద్దరు

చెన్నైలోని ఒక జర్నలిజం క్లాసులో ఇద్దరు తెలుగు విద్యార్థులు పక్కపక్కన కూర్చున్నారనుకుందాం. ఒకమ్మాయి పెరంబూరులో పుట్టి పెరిగింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఒకబ్బాయి సూళ్లూరుపేట నుంచి వచ్చాడు. లోకల్ రైలెక్కితే రెండు మూడు గంటల్లో ఇల్లు. ఇద్దరి ఇళ్లలోనూ ఆదాయం ఒకటే అనుకుందాం. అయినా ఇద్దరికీ వర్తించే పథకాలు వేరు.

ఆ అమ్మాయి ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివి ఉంటే తమిళనాడు ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన పుదుమై పెణ్ పథకం కింద డిగ్రీ పూర్తయ్యేదాకా నెలకు 1,000 రూపాయలు అందుతుంది. అబ్బాయిల కోసం తమిళ్ పుదల్వన్ 2024లో వచ్చింది. వెయ్యి రూపాయలంటే చెన్నైలో హాస్టల్ అద్దెకు ఏ మూలకూ రాదు. కానీ నెలనెలా, అడగకుండా బ్యాంకులో పడుతుంది. ఎప్పుడొస్తుందో తెలియని పాతిక వేల కంటే ఒకటో తారీఖు లెక్కలో రాసుకోగలిగిన వెయ్యి కొన్నిసార్లు ఎక్కువ పనికొస్తుంది.

సూళ్లూరుపేట అబ్బాయి సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రధానంగా సొంత రాష్ట్రంలోని కాలేజీలను దృష్టిలో పెట్టుకుని కట్టిన ఏర్పాటు. అదే కోర్సు తిరుపతిలో చదివితే ఒక లెక్క, అక్కణ్నుంచి రైల్లో మూడు గంటల దూరంలోని చెన్నైలో చదివితే ఇంకో లెక్క. ఎస్సీ విద్యార్థి అయితే కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. అది చదివే ఊరిని బట్టి కాక సొంత రాష్ట్రాన్ని బట్టి వస్తుంది. అంటే చదువు చెన్నైలో, ఫైలు అమరావతిలో. కాలేజీ ఒక రాష్ట్రంలో, మంజూరు చేసే ఆఫీసు ఇంకో రాష్ట్రంలో ఉన్నప్పుడు బోనఫైడ్ సర్టిఫికెట్టు నమూనా దగ్గర్నుంచి తిప్పలు మొదలవుతాయి.

కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు సరిహద్దు సమస్య లేదు. పన్నెండో తరగతిలో తమ బోర్డులో పై 20 శాతంలో ఉండాలి, ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి. డిగ్రీకి ఏడాదికి 12,000, పీజీకి 20,000. చిక్కు ఇంకోచోట ఉంది. ఆ పథకం రెగ్యులర్ డిగ్రీలకే, డిప్లొమాలకు కాదు. జర్నలిజంలో పేరున్న చదువు చాలావరకు ఏడాది పీజీ డిప్లొమా రూపంలోనే ఉంది. చెన్నై తరమణిలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం 1994లో బెంగళూరులో మొదలై 2000లో ఇక్కడికి మారింది, అక్కడ ఇచ్చేది పీజీ డిప్లొమానే. బెంగళూరులో 2001లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జర్నలిజం అండ్ న్యూ మీడియా కూడా డిప్లొమాతోనే పేరు తెచ్చుకుంది. విశ్వవిద్యాలయాల గొడుగు కింద లేని సంస్థలకు సిలబస్ విషయంలో స్వేచ్ఛ ఎక్కువ. ఆ స్వేచ్ఛకు విద్యార్థి కట్టే మూల్యం ఇది: సర్కారు పోర్టల్లో కోర్సు పేరు వెతికితే దొరకదు.

ఏడాది కోర్సులో ఇంకో ఇరకాటం ఉంది. ఫీజు ముందే కట్టాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరిశీలన, మంజూరు ఒకదాని వెనక ఒకటి జరిగేసరికి కోర్సు సగం దాటిపోతుంది. మూడేళ్ల డిగ్రీలో ఆలస్యం సర్దుబాటవుతుంది, పది నెలల చదువులో సర్దుబాటు కాదు. అందుకే ఇలాంటి సంస్థలు సొంతంగా, అడ్మిషన్‌తో పాటే ప్రకటించే రాయితీలకు విలువ ఎక్కువ. ఏషియన్ కాలేజ్ దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఇస్తున్న స్కాలర్‌షిప్‌లు ఈ కోవలోవి. మిగిలినవాళ్లకు విద్యా రుణమే దిక్కు. 4 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, తల్లో తండ్రో తోడు సంతకం చేస్తే చాలు. రిపోర్టరు ఉద్యోగానికి మొదట్లో వచ్చే జీతంతో ఆ వాయిదాలు ఎలా తీరతాయన్నది బ్యాంకు మేనేజర్ అడగడు, ఇంట్లో వాళ్లు అడుగుతారు.

ఇచ్చేవాళ్ల వైపు నుంచి

నడుమ కాలానికి డబ్బు ఎందుకు లేదో తెలియాలంటే దాత కుర్చీలో కూర్చుని చూడాలి.

కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్క గీత దాటినా కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టొచ్చో ఆ చట్టంలోని ఏడో షెడ్యూల్ చెబుతుంది. అందులో విద్య ఉంది, జర్నలిజం పేరెత్తి లేదు. కాబట్టి 'పేద విద్యార్థికి ఫీజు' అంటే ఆడిటర్‌కు ఒక్క వాక్యంలో అర్థమైపోతుంది. 'విద్యార్థి విలేకరికి మూడు నెలల ప్రయాణ ఖర్చులు' అంటే పది ప్రశ్నలొస్తాయి. పైగా విలేకరికి బస్సు చార్జీలిచ్చి పంపిస్తే రేపు ఏ ఫ్యాక్టరీ గేటు ముందు దిగుతాడో ఎవరికి తెలుసు? ఫీజు రసీదుకు ఆ భయం లేదు.

విదేశీ ఫౌండేషన్ల దారి కూడా ఇరుకైంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 విలేకరులు, కాలమిస్టులు, ఎడిటర్లు, పత్రికల యజమానులు విదేశీ విరాళం తీసుకోకూడదంటుంది. స్కాలర్‌షిప్, స్టైపెండ్‌ల వంటి వాటికి మినహాయింపు ఉంది. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేకుండా పోయింది. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. ఢిల్లీలోని పెద్ద సంస్థ నిధి తెచ్చుకుని, అందులోంచి చెన్నైలోని చిన్న సంస్థకు పంచి ఫెలోషిప్ నడిపించే పద్ధతికి ఇది నేరుగా తగిలింది. ఫెలోషిప్ నడపడమంటే జీతం తీసుకునే ఎడిటర్లు, సలహాదారులు కావాలి. పుస్తకాల్లో అవన్నీ పాలనా ఖర్చుల కిందికే వచ్చే ప్రమాదం ఉంది.

పోటీ నడపడానికి ఈ బాదరబందీ ఏమీ లేదు. ఒక లక్ష రూపాయల సంగతే చూద్దాం. దాన్ని 50, 30, 20 వేలుగా విడగొట్టి మూడు బహుమతులు పెడితే వందల ఎంట్రీలు వస్తాయి, అన్ని కాలేజీల్లో పోస్టరు అంటుకుంటుంది, ఒక సభ జరుగుతుంది, ముఖ్య అతిథి చేతుల మీదుగా చెక్కు ఫొటో వస్తుంది. అదే లక్షను పదిమంది విద్యార్థులకు తలా పదివేలు రిపోర్టింగ్ ఖర్చుగా ఇస్తే ఆరు నెలల తర్వాత పది కథనాలొస్తాయి, లేదా ఏడొస్తాయి. వాటిలో రెండు ఎవరికో ఒకరికి కోపం తెప్పిస్తాయి. సభ ఉండదు. దాత పెట్టే రూపాయికి దక్కే పేరు మొదటి పద్ధతిలో ఎక్కువ, విద్యార్థికి దక్కే పని రెండో పద్ధతిలో ఎక్కువ. పోటీలు పెరిగి ఖర్చుల నిధులు పెరగకపోవడానికి దుర్మార్గమేదో కారణం కాదు, ఈ లెక్కే కారణం.

పళవేర్కాడు దాకా వెళ్లిరావాలంటే

తిరిగే ఖర్చు ఎంతుంటుందో గాల్లో చెబితే తెలియదు. పులికాట్ సరస్సును తీసుకుందాం. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటే చేపల రాక తగ్గుతుంది. సరస్సులో ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో 'పాడు' అనే పాత కట్టుబాటు చెబుతుంది. అది ఊళ్ల మధ్య, కులాల మధ్య హక్కుల సంగతి కూడా. రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య హద్దుల తగాదాలు ఎప్పటినుంచో ఉన్నాయి. తెలుగూ తమిళమూ వచ్చిన చెన్నై విద్యార్థికి ఇంతకంటే మంచి కథాంశం దొరకదు. రెండు ఒడ్డుల మాటా అనువాదకుడు లేకుండా వినగలిగేది ఆ విద్యార్థే.

పొన్నేరి దాకా లోకల్ రైలు, అక్కణ్నుంచి సరస్సు తమిళనాడు ఒడ్డునున్న పళవేర్కాడుకు బస్సు. టికెట్లు చవకే. కానీ పడవలు తిరిగొచ్చేది, వేలంపాట జరిగేది పొద్దున్నే. చెన్నైలో తెల్లారి బయల్దేరితే చేరేసరికి గంపలు సర్దేసి ఉంటాయి. కాబట్టి ముందు రాత్రే చేరుకోవాలి, ఎక్కడో తలదాచుకోవాలి. అమ్మాయైతే ఒక్కతే వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోరు, తోడు వచ్చేవాళ్ల ఖర్చు కూడా కలుస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఎవరూ నోరు విప్పరు. టీకొట్టు దగ్గర ముఖం పరిచయం కావడానికే ఆ ప్రయాణం సరిపోతుంది. రెండోసారి ఒకరిద్దరు మాట్లాడతారు. మూడోసారి పాడు పుస్తకం చూపిస్తారేమో. ఆ తర్వాత సూళ్లూరుపేట వైపు ఇదంతా మళ్లీ మొదటి నుంచి.

కాగితాల పని ఇంకా ఉంది. సమాచార హక్కు దరఖాస్తు ఫీజు పది రూపాయలే, ఆంధ్రలో మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో అదీ లేదు. జవాబుకు గడువు మాత్రం 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 రోజులు, ఒక్కోసారి 45. రెండు రాష్ట్రాలకు రెండు దరఖాస్తులు. మొత్తం మీద మూడు నెలల పని. డబ్బు పరంగా చూస్తే కొన్ని వేల రూపాయలే. ఆ కొన్ని వేలే లేక కథ ఆగిపోతుంది, లేదా చేతి చమురు వదిలించుకోగలిగిన వాళ్లబ్బాయి చేతికి పోతుంది.

ఇప్పుడు పోటీ పోస్టరు మళ్లీ చూస్తే గడువు నెల రోజులు. నెలలో సమాచార హక్కు జవాబే రాదు. గడువు అంత తక్కువ కాబట్టి 'ప్రజాస్వామ్యంలో మీడియా పాత్ర', 'నకిలీ వార్తలు: సవాళ్లు' లాంటి అంశాలే ఇవ్వగలరు. అవి హాస్టల్ గదిలో కూర్చుని ఒక్క రాత్రిలో రాయదగ్గ వ్యాసాలు. వక్తృత్వ పోటీకి అన్నలాంటివి అనుకోవచ్చు. రిపోర్టింగ్ నేర్పాల్సిన వయసులో అభిప్రాయం చెప్పడానికి బహుమతి దొరుకుతోంది. చాట్ జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చాక ఆ ఒక్క రాత్రి కూడా అక్కర్లేకుండా పోయింది. ఇలాంటి పోటీలకు ముందు ముందు అతిపెద్ద ముప్పు ఇదే. అభిప్రాయ వ్యాసాన్ని యంత్రం రాసిందో మనిషి రాశాడో జ్యూరీ తేల్చడం కష్టం. పళవేర్కాడు టీకొట్టులో ఎవరు ఏమన్నారో, నోట్‌బుక్కులో ఏ తేదీన రాసుకున్నారో అడిగితే తేల్చడం తేలిక.

అమృతాంజనం, లైన్ అకౌంట్, బాండ్

తెలుగు పత్రికల చరిత్రకు చెన్నై పుట్టిల్లు కాకపోయినా పెరిగిన ఇల్లు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు వచ్చి దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. రామ్‌నాథ్ గోయెంకా ఆంధ్రప్రభను 1938లో ఇక్కడే మొదలుపెట్టారు. ఆంధ్రపత్రికను నిలబెట్టింది చందాలకంటే నాగేశ్వరరావు అమ్మిన అమృతాంజనం డబ్బా. తలనొప్పి మందు లాభం పత్రిక నష్టాన్ని మోసింది. మైలాపూర్ లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పొద్దున నడిచేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమందో గానీ, జర్నలిజానికి ప్రాయోజకుడు అనే మాటకు తెలుగులో మొదటి పెద్ద ఉదాహరణ అదే.

జర్నలిజం చదువు కూడా దేశంలో మొదట అడుగుపెట్టింది ఈ ఊళ్లోనే అంటారు. అనిబీసెంట్ అడయార్‌లోని నేషనల్ యూనివర్సిటీలో 1920లో కోర్సు పెట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయం 1947లో మొదలుపెట్టింది. అయితే తెలుగు పత్రికల్లోకి వచ్చినవాళ్లు చాలాకాలం కాలేజీ మెట్లెక్కి రాలేదు. ఉమేదువారీ చేసి వచ్చారు: ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, జీతం లేకుండానో అరకొర జీతానికో. జిల్లా ఎడిషన్లు పెరిగాక మండలానికో కంట్రిబ్యూటర్ తయారయ్యాడు. అచ్చయిన వార్త పొడవు కొలిచి డబ్బిచ్చే లైన్ అకౌంట్ వచ్చింది.

ఆ తర్వాత పెద్ద తెలుగు పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టుకున్నాయి. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి మూడూ ఈ దారిలోకే వచ్చాయి. రాతపరీక్షలో తెలుగు వ్యాసం, ఇంగ్లిష్ నుంచి అనువాదం, వర్తమాన వ్యవహారాలు ఉంటాయి. ఎంపికైనవాళ్లు ఫీజు కట్టరు, పైగా నెలనెలా స్టైపెండ్ తీసుకుంటారు. బదులుగా శిక్షణ అయ్యాక కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని బాండ్ రాస్తారు. దీన్ని ఎవరూ స్కాలర్‌షిప్ అనరు, ఫెలోషిప్ అని అసలే అనరు. లెక్కకు చూస్తే తెలుగులో జర్నలిజం నేర్చుకునే పేదింటి పిల్లలకు అందుతున్న నమ్మకమైన సాయం ఇదే. డబ్బు ముందే వస్తుంది, నెలనెలా వస్తుంది, చివర ఉద్యోగం ఉంది. ధర కూడా ఉంది. నేర్చుకునేది ఒక సంస్థ అవసరం మేరకే, అక్షర శైలి దగ్గర్నుంచి వార్త కోణం దాకా దాని పద్ధతిలోనే. బాండ్ మధ్యలో తెంచుకుంటే డబ్బు కట్టాలి.

చెన్నై, బెంగళూరు పద్ధతి దీనికి తలకిందులు. విద్యార్థి లక్షల్లో ఫీజు కడతాడు, ఎక్కడైనా పనిచేసుకునే స్వేచ్ఛ ఉంటుంది, బైలైన్ ఇంగ్లిష్‌లో వస్తుంది. ఏషియన్ కాలేజ్‌లో పేదరికం, వివక్షల మీద రిపోర్టింగ్ ప్రత్యేక పాఠ్యాంశం, దాని కోసం విద్యార్థులు జిల్లాలకు వెళ్తారు. తిరిగే ఖర్చును చదువులోనే కలిపేసే మార్గం ఇది, కాకపోతే ఫీజు కట్టగలిగి లోపలికి వచ్చినవాళ్లకే. జీతమిచ్చి కట్టేసుకునే స్కూలు ఒకపక్క, ఫీజు తీసుకుని వదిలేసే కాలేజీ ఒకపక్క. కట్టేసుకోకుండా డబ్బిచ్చేది ఈ రెంటికీ నడుమ ఉండాలి.

ఒకే వీలునామాలో మూడూ

అమెరికాలో ఈ మూడు రకాల సాయాన్నీ ఒకే మనిషి ఒకే కాగితం మీద ఆలోచించాడు. జోసెఫ్ పులిట్జర్ 1904 వీలునామాతో కొలంబియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం స్కూలు (1912), పులిట్జర్ బహుమతులు (1917) వచ్చాయి. ప్రపంచమంతా బహుమతుల గురించే మాట్లాడుకుంటుంది గానీ అదే వీలునామాలో పట్టభద్రులకు ప్రయాణ స్కాలర్‌షిప్‌లు కూడా ఉన్నాయి. చదువు అయిపోయినవాడు ఊళ్లు తిరగాలి, దానికి డబ్బు కావాలి అన్నది పత్రిక నడిపినవాడికి తెలిసిన సంగతి.

కాలేజీ విద్యార్థుల కోసం 1960 నుంచి నడుస్తున్న హెర్స్ట్ జర్నలిజం అవార్డుల్లో ఇంకో కిటుకు ఉంది. విద్యార్థి గెలిస్తే అతని కాలేజీకి కూడా అంతే మొత్తం వెళ్తుంది. దీంతో తన విద్యార్థి కథనాన్ని దిద్ది, వెంటపడి, పూర్తి చేయించాలన్న ఆసక్తి లెక్చరర్‌కూ పుడుతుంది. ఆ డబ్బు వచ్చే ఏడాది పిల్లలకు కెమెరాగానో ప్రయాణ ఖర్చుగానో మారొచ్చు. మన దగ్గర పోటీల్లో కాలేజీకి దక్కేది షీల్డు. ప్రిన్సిపల్ గదిలో అద్దాల బీరువా అందుకే నిండిపోతుంది.

సంతకం పెట్టేముందు

పోటీల నిబంధనల్లో చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: పంపిన ఎంట్రీలపై సర్వహక్కులూ నిర్వాహకులవే. గెలిచినవాటి మీదే కాదు, ఓడిపోయిన వాటి మీద కూడా. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, రచయిత సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లుగా, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే అని భావిస్తారు. హక్కులు ఇచ్చేసినా రచయితగా పేరు వేయించుకునే నైతిక హక్కు సెక్షన్ 57 కింద మిగిలే ఉంటుంది. మూడు నెలలు తిరిగి రాసిన కథనాన్ని ఓడిపోయిన పోటీలో వదిలేసుకుంటే దాన్ని ఇంకో పత్రికకు ఇవ్వడం చిక్కవుతుంది. ఎంట్రీ ఫీజు అడిగే పోటీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పదిమంది కట్టిన ఫీజునే ఒకరికి బహుమతిగా ఇస్తే అది సాయం కాదు, చిట్టీ.

పన్ను సంగతి తేలికే. చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఆదాయపన్ను మినహాయింపు ఉంది. పోటీ బహుమతినీ, పనికి బదులుగా వచ్చే స్టైపెండ్‌నూ అదే గాటన కట్టేయకూడదు.

ఏ భాషలో రాశారు అన్న గడి

దరఖాస్తుల్లో నమూనా రచనలు అడుగుతారు. చెన్నై, బెంగళూరుల్లో జ్యూరీలు చదివేది ఎక్కువగా ఇంగ్లిష్, ఆ తర్వాత తమిళం, కన్నడం. తమిళనాడు ప్రభుత్వం 2025లో మొదలుపెట్టిన చెన్నై ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జర్నలిజంలో ఏడాది పీజీ డిప్లొమా తమిళంలోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తన భాషకు చేసుకున్న ఏర్పాటు అది, తప్పుపట్టడానికేమీ లేదు. కేంద్రం ఢిల్లీలో 1965లో పెట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌లో హిందీ, ఉర్దూలతో పాటు ఒడియా, మరాఠీ, మలయాళం జర్నలిజం కోర్సులు వచ్చాయి, ఆ వరసలో తెలుగు లేదు. హైదరాబాదులో తెలుగు స్కూళ్లు ఉన్నాయి గదా అనొచ్చు. అవి చెన్నైలో ఉన్న తెలుగు విద్యార్థికి అందవు, అందినా పులికాట్ దక్షిణపు ఒడ్డు వాటి జిల్లా పేజీల్లోకి రాదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పెరంబూరు అమ్మాయి తెలుగులో బాగా రాయగలిగినా, ఇంటర్లోనే వారపత్రికలకు రాసినా, ఆ కత్తిరింపులు ఫైల్లోనే ఉంటాయి. దరఖాస్తుకు పనికిరావాలంటే తనే ఇంగ్లిష్‌లోకి మార్చుకోవాలి. మార్చేటప్పుడు ముందు పోయేది మాట. 'కరువొచ్చింది' అన్న జాలరి మాట 'చేపల దిగుబడి తగ్గుదల' అన్న అర్థమిచ్చే ఇంగ్లిష్ అయిపోతుంది. ఒకటి రెండేళ్లలో తెలుగులో రాయడమే మానేస్తుంది, దాంతో ఆమెకున్న ప్రత్యేకత కూడా పోతుంది.

మినహాయింపులు కొన్ని కనిపిస్తున్నాయి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా విద్యార్థుల కథనాలు తీసుకుంటుంది, తెలుగుతో సహా చాలా భాషల్లోకి తనే అనువాదం చేయిస్తుంది. అక్కడ అనువాదం భారం రచయిత మీద పడదు. అదే పద్ధతి ఒక పోటీలో పెట్టాలంటే తెలుగు చదవగలిగే ఒక్క జ్యూరీ సభ్యుడు చాలు. చెన్నైలో అలాంటివాళ్లకు కొరత లేదు: మద్రాసు విశ్వవిద్యాలయంలోనే తెలుగు శాఖ ఉంది, పత్రికల్లో పనిచేసి రిటైరైన సబ్ ఎడిటర్లు టి.నగర్ నుంచి అన్నానగర్ దాకా ఉన్నారు. వాళ్లలో ఒకరికి జ్యూరీ కుర్చీ వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. దరఖాస్తు ఫారంలో భాష అన్న చోట ఇంగ్లిష్, తమిళం పక్కన ఇంకో గడి గీయాలి, అంతే.